అబద్ధాలకు సగటు తీసే చదువు

ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు ప్రదర్శనల కాలం వచ్చిందంటే ప్రతి హాల్లోనూ ఆ బల్ల ఒకటి ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో కాస్త మట్టి, అందులో గుచ్చిన రెండు కాళ్ల సెన్సర్, బ్రెడ్‌బోర్డు పక్కన ఆర్డుయినో, ఓ నీలం రంగు రిలే, బకెట్లో బుల్లి పంపు, వెనక గోడకు ‘ఐఓటీ ఆధారిత స్మార్ట్ వ్యవసాయం’ అని ఫ్లెక్సీ. ఫోన్లో యాప్, యాప్‌లో గ్రాఫు. ఆ గ్రాఫు వణుకుతూ ఉంటుంది. మట్టి కదల్లేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, అయినా అంకె 512 నుంచి 540కి ఎగిరి, 497కి దిగుతుంది. ఎందుకలా అని అడిగి చూడండి. ఏ జిల్లాలో అడిగినా ఒకటే జవాబు: “కోడ్‌లో యావరేజ్ తీసుకున్నాం సార్.”

ఆ జవాబుకు మార్కులు పడుతున్నాయి. నా మంట అంతా అక్కడే.

అంకె ఎందుకు వణుకుతోందో కనుక్కోవడం ఇంజనీరింగ్. వణుకు కనిపించకుండా దుప్పటి కప్పడం ఇంకేదో. సెన్సర్ కాలికీ మైక్రోకంట్రోలర్ పిన్నుకీ మధ్య ఉన్న జానెడు దూరంలోనే ఆ ప్రాజెక్టు బతకడమో చావడమో తేలిపోతుంది. యాప్, క్లౌడ్, డాష్‌బోర్డు, మెషిన్ లెర్నింగ్ అన్నీ ఆ జానెడు దాటి వచ్చిన అంకె మీద కట్టుకునే మేడలే. ఆ జానెడులో మన పిల్లలు పెడుతున్నది మూడు జంపర్ వైర్లు. వాళ్ల తప్పు కాదు. ఇంకేమైనా పెట్టాలని ఎవరూ చెప్పలేదు, పెట్టనందుకు ఎవరూ అడగలేదు.

సగటు మీద నాకేమీ పగ లేదు. దానికి ఒక పని వచ్చు. అటూ ఇటూ సమానంగా ఊగే యాదృచ్ఛిక నాయిస్‌ను అది తగ్గిస్తుంది; 100 రీడింగుల సగటు తీస్తే అలాంటి నాయిస్ పదో వంతుకు దిగుతుంది. అంతవరకే దాని విద్య. ఒకే వైపుకు లాగే తప్పును అది ముట్టుకోదు. తూకం రాయే తక్కువదైతే వందసార్లు తూచినా బియ్యం పెరగవు.

లెక్కేసి చూద్దాం. మామూలు పీసీబీ మీద రాగి పొర మందం 35 మైక్రాన్లు. పావు మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున్న ట్రాకు నిరోధం దగ్గర దగ్గర 0.2 ఓమ్. మల్టీమీటరు పెడితే బీప్ కొడుతుంది, షార్టే అనుకుంటాం. ఇప్పుడు అదే ట్రాకును ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సరుకూ, అర ఆంపియరు తాగే చిన్న ఫ్యానుకూ ఉమ్మడి గ్రౌండుగా వాడండి. ఫ్యాను తిరిగినంతసేపూ ఆ ట్రాకు మీద 100 మిల్లీవోల్టులు నిలబడతాయి. ఎల్‌ఎం35 డిగ్రీకి ఇచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే పది డిగ్రీల తప్పు. గది 30 డిగ్రీల్లో ఉంటే స్క్రీను 40 చూపిస్తుంది. సగటు తీశారా, ఇంకా నిలకడగా, ఇంకా ధీమాగా 40 చూపిస్తుంది.

కథ అక్కడితో ఆగదు. ఫ్యాను తిరిగింది కాబట్టి రీడింగు పెరిగింది. రీడింగు పెరిగింది కాబట్టి ఫ్యాను ఆగనంటుంది. అదే గ్రౌండు మీద చిన్న డీసీ హీటరు ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. వేయగానే వేడెక్కిపోయిందనుకుని ఆపేస్తుంది, ఆపగానే చల్లబడిందనుకుని వేస్తుంది, రిలే టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు పిల్లలేం చేస్తారు? కోడ్‌లో ఐదు సెకన్ల డిలే పెడతారు. రిలే నెమ్మదిగా కొట్టుకుంటుంది. ‘సమస్య పరిష్కరించబడినది’ అని రికార్డులో రాస్తారు. గైడ్ సంతకం పెడతారు. ఆ గ్రౌండు ట్రాకును మాత్రం ఎవరూ తిప్పి చూడరు.

రెండో అబద్ధం కోడ్‌లోనే, అందరి కళ్లముందే ఉంటుంది. పిన్ను నుంచి వచ్చిన అంకెను 5.0తో గుణించి 1024తో భాగించడం. ఆ 5.0 ఎక్కడిది? ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా 328పీ చిప్, మీరు వేరే ఏమీ చెప్పకపోతే, తనకందే సరఫరా వోల్టేజీనే కొలబద్దగా వాడుకుంటుంది. ఆ సరఫరా లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వస్తోంది. పొడవాటి నాసిరకం కేబుల్ పెడితే 4.7కి దిగుతుంది. అప్పుడు 30 డిగ్రీల గది దాదాపు 32 అవుతుంది. కేబుల్ మారిస్తే వాతావరణం మారిపోయే ప్రాజెక్టు ఇది. అదే చిప్‌లో 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్స్ ఉంది. దాన్ని ఎంచుకుంటే ఎల్‌ఎం35కి ఒక్కో మెట్టు అర డిగ్రీ నుంచి డిగ్రీలో పదో వంతుకు సన్నబడుతుంది, యూఎస్‌బీ ఊగినా రీడింగు ఊగదు. కాకపోతే ఆ 1.1 అనేది చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చని డేటాషీట్ ముందే చెప్పింది కాబట్టి ఒక్కసారి మీటరుతో సరిచూసుకోవాలి. థర్మిస్టరుకైతే ఇదంతా అక్కర్లేదు. డివైడరును అదే 5 వోల్టుల మీద నిలబెట్టి, అదే 5 వోల్టులను రిఫరెన్స్‌గా వాడితే పైనా కిందా కొట్టేసుకుపోతాయి. ఒక సెన్సరుకు పాపమైనది ఇంకో సెన్సరుకు పుణ్యం. ఏది ఎప్పుడో తెలియడమే డిజైన్. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి అరగంట చాలు. నాలుగేళ్లలో ఆ అరగంట దొరకలేదట.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే సంగతి. మన ప్రాజెక్టుల్లో సగానికి సగం కోడ్‌లు సెకనుకొక రీడింగు తీస్తాయి, ఎందుకంటే అందరూ కాపీ కొట్టే ఉదాహరణలో డిలే 1000 అని ఉంటుంది. మన గోడల్లో, గాలిలో, ఆ పొడవాటి సెన్సర్ వైర్లలో ఉన్నది 50 హెర్ట్జ్ హమ్. సరిగ్గా సెకనుకోసారి చూస్తే 50 అలలు పూర్తయి, అల మళ్లీ అదే చోట దొరుకుతుంది. హమ్ అసలు లేనట్టే కనిపిస్తుంది, రీడింగును మాత్రం ఒక పక్కకు నెట్టి ఉంచుతుంది. కానీ మన గ్రిడ్ సరిగ్గా 50 దగ్గర నిలబడదు. 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలని నిబంధన. అది 49.95 దగ్గర ఉన్న వేళ మీ సెకను రీడింగుల్లో 20 సెకన్లకోసారి మెల్లగా లేచి పడే అందమైన అల పుడుతుంది. మట్టిలో లేదు, నీళ్లలో లేదు, ఎక్కడా లేదు ఆ అల. శాంప్లింగ్ పుట్టించిన దయ్యం. దాన్ని గ్రాఫులో చూసి ‘నేలలో తేమ సహజమైన హెచ్చుతగ్గులు’ అని రిపోర్టులో రాసేవాళ్లున్నారు. ఆ గ్రాఫును మెషిన్ లెర్నింగ్‌కు మేపి రేపటి తేమ ఇంతని జోస్యం చెప్పేవాళ్లున్నారు. హారీ నైక్విస్ట్ 1928లో, షానన్ 1949లో కాగితం మీద పెట్టిన విషయమిది. మన పిల్లలు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పరీక్షలో ఆ సిద్ధాంతాన్ని నిరూపించి మార్కులు తెచ్చుకున్నారు కూడా. పరీక్ష హాల్లో రాసినది ల్యాబ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

దయ్యాన్ని వదిలించే మంత్రం కోడ్‌లో లేదు. వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీకి ముందు ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్, పిన్ను దగ్గర ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. కటాఫ్ 1.6 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ హమ్ ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. మట్టి తేమ సెకనుకు రెండుసార్లు మారదు కాబట్టి పోయేదేమీ లేదు. ఆ తర్వాత కావాలంటే సగటు తీయండి, కానీ తెలిసి తీయండి: మిల్లీసెకనుకొకటి చొప్పున 20 రీడింగులు, అంటే 50 హెర్ట్జ్ అల ఒకటి నిండా. పైకెళ్లినదీ కిందికొచ్చినదీ కొట్టేసుకుని మిగిలిన హమ్ కూడా పోతుంది. ఇది కూడా సగటే. దీనికి మార్కులు వేయండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను.

ఏటీమెగా డేటాషీట్‌లో ఇంకో వాక్యం ఉంది: సిగ్నల్ ఇచ్చే వైపు ఇంపిడెన్స్ 10 కిలో ఓమ్‌లకు లోపే ఉండాలని. చిప్ లోపల 14 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఉంది, క్షణంలో అది నిండాలి. బ్యాటరీ కరెంటు మిగులుతుందని రెండు మెగా ఓమ్ రెసిస్టర్లు పెట్టి డివైడర్ కడితే అది నిండదు. ముందు చదివిన ఛానెల్ వోల్టేజీ తాలూకు ఎంగిలి ఈ ఛానెల్లో కనిపిస్తుంది. పిన్నుకు 100 నానోఫారడ్ కెపాసిటర్ అంటించి, తీరిగ్గా చదివితే సరిపోతుంది. ఏడు వేల రెట్లు పెద్ద చెరువు పక్కనుంటే ఆ చెంబు ఎప్పుడూ నిండుతుంది.

వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్ వచ్చాక ఇంకో గొప్ప మొదలైంది: ‘మాది 12 బిట్ సార్, 4096 మెట్లు.’ ఉన్నాయి, కానీ అవి సమానమైన మెట్లు కావు. అడుగున సున్నాకు అంటుకుపోతుంది, పైన ముందే కప్పుకు తగులుతుంది. వైఫై వాడుతున్నప్పుడు రెండో ఏడీసీ పిన్నులు పనికిరావు. వైఫై పంపినప్పుడల్లా రెండు వందల మిల్లీఆంపియర్ల పైన గుంజుకుంటుంది, సరఫరా కుదుపుకు గురవుతుంది. ఇవన్నీ తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు, ఇన్‌పుట్ దగ్గర 100 నానోఫారడ్ పెట్టమనీ వాళ్లే చెప్పారు. చదివేవాళ్లేరీ?

ఇక బోర్డు. సర్క్యూట్ కాగితం మీద సరిగ్గా ఉంటే బోర్డు దానంతటదే వస్తుందనే మూఢనమ్మకం మన దగ్గర పాతుకుపోయింది. సర్క్యూట్ బొమ్మలో గ్రౌండ్ గుర్తులన్నీ ఒకటే బిందువు. బోర్డు మీద గ్రౌండు ఒక రాగి రేకు. దానికి నిరోధం ఉంది, ఇండక్టెన్స్ ఉంది, దాని మీద ప్రవహించే కరెంటుకు ఒక దారి ఉంది. ఆ దారి ఎటో గీసినవాడికి తెలియాలి. పిల్లలు ఏం చేస్తున్నారు? చిప్పులను ఎక్కడబడితే అక్కడ పెట్టి ఆటోరూటర్ బటన్ నొక్కుతున్నారు. ఆటోరూటరుకు ఏ తీగ ఎక్కడికి చేరాలో తెలుసు; ఏ కరెంటు ఏ కరెంటుతో కలవకూడదో తెలియదు. అది ఫ్యాను గ్రౌండును తీసుకెళ్లి సెన్సర్ గ్రౌండులో కలుపుతుంది, ఎందుకంటే దగ్గర దారి అదే. ‘100 శాతం రూటింగ్ పూర్తయింది’ అని స్క్రీను అభినందిస్తుంది.

ప్లేస్‌మెంట్‌లోనే సగానికి పైగా పని అయిపోవాలి. సెన్సర్ కనెక్టర్లు ఒక అంచున, రిలేలూ మోటార్ డ్రైవర్లూ ఎదురు అంచున, కరెంటు లోపలికి వచ్చే జాక్ ఆ రిలేల వైపే. అప్పుడు పెద్ద కరెంటు వచ్చిన దారినే పోతుంది, సెన్సర్ల కాళ్ల కింద తిరగదు. కనెక్టర్ తగలగానే మొదట టీవీఎస్ డయోడ్. మెరుపునో చేతి స్టాటిక్‌నో గుమ్మంలోనే ఆపాలి, ఇల్లంతా తిప్పి పెరట్లో ఆపకూడదు. ఫిల్టర్ కెపాసిటర్ మాత్రం చిప్ పిన్నును ఆనుకుని ఉండాలి. ఈ రెండింటినీ తారుమారు చేసిన బోర్డులు ఎన్ని చూస్తామో! డీకప్లింగ్ కెపాసిటర్ల గతి మరీ ఘోరం. సర్క్యూట్ బొమ్మలో చోటు లేక ఆ 100 నానోఫారడ్‌లన్నిటినీ ఓ మూలన వరసగా గీస్తారు. బోర్డు వేసినవాడు నమ్మకంగా ఆ మూలనే వరసగా పెడతాడు. చిప్‌కు రెండు అంగుళాల దూరంలో ఉన్న ఆ కెపాసిటర్ బిల్లులో ఉంటుంది, బోర్డులో ఉంటుంది, పనిలో మాత్రం ఉండదు.

రెండు పొరల బోర్డయితే కింది పొరంతా గ్రౌండుకు వదిలేయండి. వదిలేసినదాన్ని కోయకండి. ఒక్క పొడవాటి ట్రాకు ఆ గ్రౌండును నిలువునా చీలిస్తే, పైన వెళ్లే సిగ్నల్ తాలూకు తిరుగు కరెంటు ఆ చీలిక చుట్టూ ఊరేగి రావాలి. ఆ చుట్టు పెద్దదైనకొద్దీ అది పక్కవాటి నాయిస్ పట్టే యాంటెన్నా అవుతుంది. ఇక్కడే ఇంకో మఠం ఉంది: అనలాగ్ గ్రౌండు వేరు, డిజిటల్ గ్రౌండు వేరు అని రేకును రెండు ముక్కలు చేసే మఠం. ఎవరో ఎప్పుడో చెప్పారు, ఎందుకో ఎవరికీ గుర్తులేదు, గీత మాత్రం తప్పకుండా గీస్తారు. గీశాక ఆ గీత మీద నుంచే ఆరు సిగ్నల్ ట్రాకులు దాటిస్తారు. ఈ విద్యలో పెద్దతలకాయ హెన్రీ ఆట్. ఆయన దశాబ్దాల పాటు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది ఒకటే. చాలా బోర్డులకు గ్రౌండు ఒకటే ఉంచండి, భాగాలను వేరువేరు పేటల్లో పెట్టండి, ట్రాకులు పేటలు దాటకుండా చూసుకోండి. విడదీయాల్సింది మనుషుల్ని, నేలను కాదు.

బ్రెడ్‌బోర్డు గురించి ఎక్కువ చెప్పను. ఆలోచన సరిచూసుకోవడానికి అది మంచిదే. దాని మీద ఉన్నదాన్ని అలాగే అట్టపెట్టెలో అతికించి ‘ఉత్పత్తి’ అని పిలవడం మాత్రం నేరం.

సెన్సర్ మాడ్యూల్ మీద ఐ స్క్వేర్డ్ సీ అని రాసి ఉంటే చాలు, దాన్ని పది మీటర్ల వైరుతో పొలంలోకి లాగేస్తారు. ఫిలిప్స్ కంపెనీ 1982లో దాన్ని తయారుచేసింది ఒకే పెట్టెలో ఉన్న చిప్పులు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి. బస్సు మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు దాటకూడదని నియమం. వైరు దాన్ని దాటించేస్తుంది, డేటా చెడిపోతుంది, కోడ్‌లో ‘ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించు’ అని లూపు పెడతారు. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ సంగతీ అంతే. సరఫరా కుదుపుకు లోనై చిప్ మళ్లీ మొదలైతే, కొత్త కొలత ఇంకా తీయకముందు దాని రిజిస్టరులో ఉండేది 85 డిగ్రీలు. ‘నా సరఫరా చచ్చింది, చూసుకో’ అని ఆ సెన్సర్ గొంతు చించుకుని చెప్పే మాట అది. మనవాళ్లు కోడ్‌లో రాసే వాక్యం: 85 వస్తే పట్టించుకోకు. నిజంగా 85 డిగ్రీలున్న నీళ్ల ట్యాంకులో పెడితే ఏమవుతుందో వాళ్లకు తట్టదు, వాళ్లను అడిగే నాథుడూ లేడు.

కాలేజీల్లో ప్రోటియస్ అనే సిమ్యులేటర్ ఒక దేవుడు. అందులో వైరుకు నిరోధం సున్నా. గ్రౌండు ఎక్కడైనా సున్నా. సరఫరా రాయిలా ఐదు వోల్టులు. 50 హెర్ట్జ్ లేదు, వైఫై లేదు, రిలే స్పార్క్ లేదు. అలాంటి స్వర్గంలో ఏ సర్క్యూటైనా పనిచేస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ రిపోర్టులో అతికిస్తే ‘ఫలితాలు’ అధ్యాయం పూర్తి. నేషనల్ సెమీకండక్టర్‌లో పనిచేసిన బాబ్ పీజ్ సిమ్యులేషన్‌ను గుడ్డిగా నమ్మేవాళ్లను జీవితాంతం ఎగతాళి చేశాడు. 2011 జూన్‌లో తన తోటి అనలాగ్ ఉద్దండుడు జిమ్ విలియమ్స్ సంస్మరణ సభకు వెళ్లి కారులో తిరిగొస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఒక్క నెలలో ఇద్దరూ. వాళ్ల పుస్తకాలు మన లైబ్రరీల్లో ఉన్నచోట కూడా దుమ్ము దులిపే దిక్కులేదు. జిరాక్స్ షాపుల్లో ఆల్ ఇన్ వన్‌లు మాత్రం వేడివేడిగా దొరుకుతాయి.

సరే, ఇదంతా ల్యాబ్ గొడవ, మార్కుల గొడవ అనుకుందాం. కానీ ఆ ఫ్లెక్సీ మీద రాసుకున్నది వ్యవసాయం అని. పొలానికి వెళ్దాం. మన బోరు మోటార్ల దగ్గర రైతుకు తెలిసిన ఆటోమేషన్ ఆటో స్టార్టర్. దానికి సెన్సర్ లేదు, తెలివి లేదు. కరెంటు రాగానే మోటారు వేసేస్తుంది, అంతే. బోర్లు ఎండిపోతాయనే భయంతో 2018లో 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల వెంటబడింది. అంటే నిజమైన అవసరం ఉంది: నేలను చూసి, నీటి మట్టాన్ని చూసి మోటారు వేసే పెట్టె. మన పిల్లలు చేస్తున్నామని చెప్పుకునేది సరిగ్గా అదే.

ఆ పెట్టెను పొలంలో పెట్టి చూడండి. ఆ రెండు కాళ్ల సెన్సర్‌లో ఎప్పుడూ డీసీ ప్రవహిస్తుంటుంది. తడి మట్టిలో అది ఎలక్ట్రాలసిస్, కాళ్ల మీది రాగిని తినేస్తుంది. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటిస్తే చాలా కాలం మన్నుతుంది, ఎవరూ అలా ఇవ్వరు. కాళ్లు తినేశాక నిరోధం పెరుగుతుంది. పెరిగిన నిరోధాన్ని కోడ్ ‘నేల ఎండింది’ అని చదువుకుంటుంది. ఎలుక వైరు కొరికినా అంతే. నాగలి తగిలి తెగినా అంతే. మార్కెట్లో దొరికే ఆ మాడ్యూల్ మీద పుల్‌అప్ రెసిస్టర్ ఉంది కాబట్టి తెగిన తీగ అంటే పూర్తి వోల్టేజీ, పూర్తి వోల్టేజీ అంటే ఎండిన నేల, ఎండిన నేల అంటే మోటారు వేయి. తీగ తెగిన మరుక్షణం మీ స్మార్ట్ పెట్టె మళ్లీ ఆటో స్టార్టరే. తడిసి ముద్దయిన చేలోకి రాత్రంతా నీళ్లు తోడుతుంది. బోరు అడుగంటితే ఉత్తినే తిరిగి వైండింగ్ కాలుతుంది. ఆ మోటారును పైకి తీయించి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దించే ఖర్చు ఫ్లెక్సీ వేయించినవాళ్లు భరించరు.

కర్మాగారాల్లో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. అక్కడ సెన్సర్ సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా వస్తుంది. సున్నా కొలతకు కూడా 4 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. 250 ఓమ్ రెసిస్టర్ మీద అది 1 నుంచి 5 వోల్టులు. వోల్టు కన్నా బాగా కింద ఏదైనా కనిపించిందంటే తీగ తెగిందని అర్థం, మోటారు ఆపి రైతుకు ఫోన్ చేయాలి. అంత ఖరీదు పెట్టలేమంటే థర్మిస్టర్ డివైడరే ఒప్పుగా కట్టండి: అసలు కొలతలు 100 నుంచి 900 మధ్య పడేలా రెసిస్టర్ ఎంచుకుంటే, తెగిన తీగ 1023 దగ్గర, అతుక్కున్న తీగ సున్నా దగ్గర పట్టుబడతాయి. కోడ్‌లో ఒక్క వాక్యం. కానీ ఆ ఒక్క వాక్యం రాయగలగాలంటే ముందు సర్క్యూట్ ఆ అవకాశం ఇవ్వాలి. సెన్సర్ వైరును మోటారు కేబుల్‌తో కలిపి టేపు చుట్టి వంద మీటర్లు లాగకూడదు. పిన్ను ముందు 10 కిలో ఓమ్ ఉంటే పొరపాటున 12 వోల్టులు తగిలినా లోపలికి పోయేది ఒక మిల్లీఆంపియరు కన్నా తక్కువ, చిప్ బతుకుతుంది. లేకపోతే సరఫరా కన్నా అర వోల్టు ఎక్కువ దాకానే దాని హద్దు.

అమీర్‌పేటలో ప్రాజెక్టు సెంటర్ల బోర్డులు చదువుతూ నడవండి. డొమైన్ ఎంచుకుంటే చాలు, కిట్టూ కోడూ డాక్యుమెంటేషనూ పీపీటీ కూడా వాళ్లే ఇస్తారు. వాళ్లను తిట్టడం తేలిక, నేను తిట్టను. కొనేవాళ్లున్నారు కాబట్టి అమ్ముతున్నారు, వైవాలో అడిగేవాళ్లు లేరు కాబట్టి కొంటున్నారు. నా తగువు అడగనివాళ్లతో. ల్యాబుల్లో ఇప్పటికీ 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో పుట్టిన 741 ఆపాంప్‌తోనే ప్రయోగాలు. ప్లస్సూ మైనస్సూ 15 వోల్టులు పెట్టి గెయిన్ కొలిచి రికార్డు రాస్తారు. ఐదు వోల్టుల ప్రాజెక్టులోకి అదే చిప్‌ను తెచ్చి అది పనిచేయకపోతే బిత్తరపోతారు. ఎల్‌ఎం358 ఆపాంప్ పెట్టినా ఐదు వోల్టుల మీద దాని అవుట్‌పుట్ మూడున్నర దగ్గరే ఆగిపోతుందని తెలియదు. కామన్ మోడ్ రిజెక్షన్ రేషియో అంటే ఏమిటో రెండు మార్కులకు రాస్తారు. లోడ్‌సెల్ నుంచి వచ్చే పది మిల్లీవోల్టులను ఆ రేషియోనే కాపాడుతుందని ఎవరూ చూపించరు.

‘ఇప్పుడు డిజిటల్ సెన్సర్లు వచ్చేశాయి కదా, ఏడీసీ లోపలే ఉంటుంది, ఈ అనలాగ్ చాదస్తం ఎందుకు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలాచోట్ల డిజిటల్ సెన్సర్ తీసుకోవడమే మంచి నిర్ణయం, నేనూ అదే తీసుకోమంటాను. కానీ అది నిర్ణయమై ఉండాలి, తప్పించుకునే దారి కాకూడదు. ఆ సెన్సర్ లోపల ఇదే పనిని ఎక్కడో ఇంకెవరో చేశారు. ఆ ఎవరో మనవాళ్లే అయిన రోజులున్నాయి. పశ్చిమ గోదావరిలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టింది అణుశక్తి రంగానికి కావలసిన ఎలక్ట్రానిక్స్ ఇక్కడే చేయాలని. రేడియేషన్ డిటెక్టర్ నుంచి వచ్చే కంటికి ఆనని పల్స్‌ను నాయిస్ నుంచి విడదీసి పట్టుకోవడం కన్నా గట్టి సెన్సర్ ఇన్‌పుట్ పరీక్ష ఇంకేముంటుంది? ఇవాళ ఆయన పేరున్న ఏఎస్ రావు నగర్ అంటే బస్సు దిగే చోటుగానే తెలుసు.

ఆర్డుయినోను కూడా నేను నిందించను. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టిన బోర్డు అది. ఎలక్ట్రానిక్స్ రానివాళ్ల చేత కూడా దీపం వెలిగించడం దాని ఆశయం, దాన్ని గొప్పగా నెరవేర్చింది. స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టి ఆరో తరగతి పిల్లల చేతికి ఆ మాడ్యూళ్లు ఇవ్వడం మంచి పనే. ఆరో తరగతికి ఇచ్చిన కిట్టునే బీటెక్ ఫైనలియర్‌లో మళ్లీ చూపించి డిగ్రీ పుచ్చుకోవడం ఏమిటి? మధ్యలో గడిచిన పదేళ్లు ఎవరు మింగారు?

సాకులు మిగల్లేదు. బోర్డు గీసే కైక్యాడ్ ఉచితం; 1992లో ఫ్రాన్స్‌లో ఒక అధ్యాపకుడు మొదలుపెట్టినదాన్ని సెర్న్ శాస్త్రవేత్తలు పెంచి పోషించారు. రెండు పొరల బోర్డు చేయించడం ఇప్పుడు కాలేజీ ఫ్లెక్సీ ఖర్చుకు మించదు. హైదరాబాద్‌లో 2023 నుంచి టీ వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ కేంద్రం తలుపులు తెరిచి కూర్చుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు గుప్పెళ్లతో దొరుకుతాయి.

కాబట్టి వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ మాస్టార్లకు నేరుగా చెబుతున్నాను. స్లైడ్లు చూడకండి. సెన్సర్ ఊడదీసి, దాని చోట అంతే విలువున్న మామూలు రెసిస్టర్ పెట్టమనండి. ఇప్పుడు అంకె కదిలిందంటే కదిలించేది మట్టి కాదు, బోర్డే. పంపు వేయించండి, ఆపించండి, అంకె ఎంత గెంతిందో రాసుకోండి. సెన్సర్ వైరు ఒకటి పీకేసి పంపు ఆగుతుందో తిరుగుతుందో చూడండి. తర్వాత బోర్డు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, పంపు కరెంటు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతోందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేని బ్యాచ్‌కు ఆ యాప్ తెరిచే అవకాశం కూడా ఇవ్వకండి.